వెట్టి, విశ్రాంతి దినం, విశ్వాసం: ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవోద్యమ తొలి దశ (1866–1878)

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకు ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది, మొత్తం మూడు రోజులలో 3,536 మంది ఆ నదిలో దిగారు. వీరిలో అత్యధికులు మాదిగ కులస్థులు. ప్రపంచ మిషనరీ చరిత్రలో ఈ ఘటన ప్రసిద్ధమైనది. దీనిని వర్ణించిన రచనలు చాలావరకు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌను కథానాయకునిగా నిలిపాయి. దీనిని విమర్శించినవారు కరవునాటి అన్నవితరణను కారణంగా చూపారు. మొదటి వాదంలో దొర కర్త, రెండవ వాదంలో ఆకలి కర్త. నదిలో దిగిన మనుషులు మాత్రం ఆ రెండింటిలోనూ కర్మపదాలుగానే మిగిలారు.

1878కి ముందున్న పన్నెండేళ్లను పరిశీలించినప్పుడు ఈ రెండు వాదాలూ నిలవవు. ఉద్యమాన్ని ఆరంభించినది తోలు వ్యాపారం చేసుకునే ఒక మాదిగ సాధకుడు. దానిని నిలబెట్టినది పల్లెల్లో పేరు తెలియని కుటుంబాలు చూపిన నిత్యధైర్యం. ఆ ధైర్యం వీరగాథల్లో కనిపించే రకం కాదు. ఆదివారం పనికి వెళ్లకపోవడం, చచ్చిన పశువు మాంసం ముట్టకపోవడం, జాతరలో డప్పు కొట్టకపోవడం అనే మూడు నిరాకరణలలో అది వ్యక్తమైంది. ఆ నిరాకరణల సామాజికార్థాన్ని, కరవుకాలంలో వాటికి ఎదురైన పరీక్షను, ఈ చరిత్రకు ఆధారమైన రచనల స్వభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. నేపథ్యం: ఫలించని ముప్పై ఏళ్లు

అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో ఆరంభమై, 1840లో నెల్లూరును కేంద్రం చేసుకుంది. తొలి దశాబ్దాలలో దానికి లభించిన ఫలితం అత్యల్పం. విశ్వాసుల సంఖ్య వేళ్లమీద లెక్కించదగినంతగా ఉండడంతో, మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలోని సంఘం ముందుకు పలుమార్లు వచ్చింది. 1853లో జరిగిన చర్చ సందర్భంలో శామ్యూల్ స్మిత్ ఒక గీతం రాసి, పటంలో ఒంటరిగా ఉన్న ఈ మిషన్‌ను ‘ఒంటరి నక్షత్రం’గా సంబోధించాడు. ఆ పేరే స్థిరపడింది.

1854 నూతన సంవత్సర దినాన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై ప్రార్థన చేశారు. ఆ పట్టణానికి ఒక బోధకుని పంపమని వారి వేడుకోలు. ఆ స్థలం తరువాత ‘ప్రార్థన కొండ’గా పేరొందింది. క్లౌ 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మకాం మార్చాడు. నాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోని తాలూకా కేంద్రం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి, 1970లో నేటి ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తొలితరం మిషనరీలకు ఒక అంచనా ఉండేది. బ్రాహ్మణాది అగ్రవర్ణాలు ముందుగా విశ్వసిస్తే, వారి వెంట తక్కిన సమాజం వస్తుందన్నది ఆ అంచనా. బడులు, కరపత్రాలు, బజారు ప్రసంగాలు ఎక్కువగా ఆ వర్గాల్ని ఉద్దేశించినవే. ఒంగోలులో జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం. ఊరికి వెలుపల ఉన్న మాదిగపల్లె నుంచి పిలుపు వచ్చింది. మిషన్ ఆ పిలుపునకు బదులు పలికింది.

2. యెర్రగుంట్ల పేరయ్య: గురుమార్గం నుంచి క్రైస్తవానికి

ఆ పిలుపు తెచ్చినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఆయన ఊరు ఒంగోలుకు పశ్చిమాన సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న తలకొండపాడు. తోళ్లు కొని అమ్మడం వృత్తి. వెట్టికి కట్టుబడి ఊరు దాటలేని తక్కిన మాదిగలతో పోలిస్తే వ్యాపారం ఆయనకు కొంత స్వేచ్ఛనిచ్చింది. దూరప్రాంతాలకు ప్రయాణించేవాడు, పలు ఊళ్ల బంధువర్గంతో, తోళ్ల బేరగాళ్లతో పరిచయాలు ఉండేవి. తరువాతి కాలంలో బోధ వ్యాపించిన దారులు కొంతవరకు ఈ వ్యాపార సంబంధాల, బంధుత్వాల దారులే.

అంతకన్న ముఖ్యమైనది ఆయన ఆధ్యాత్మిక పూర్వరంగం. పేరయ్య క్రైస్తవం వినకముందే రాజయోగ సాధకుడు. ఒక స్త్రీ గురువు పరంపరకు చెందిన ఉపదేశం పొందాడు. విగ్రహారాధన వ్యర్థమని, పరమాత్మ ఒక్కడేనని, ధ్యానం ద్వారా ఆయనను తెలుసుకోవాలని ఆ మార్గం బోధించింది. ఆయనే కొందరికి గురువై ఉపదేశించాడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సంప్రదాయం మొదలుకొని తెలుగు నేలమీద కులపు కట్టుబాట్లను ప్రశ్నించిన అచల, యోగ గురుమార్గాలు పల్లెల్లో వ్యాపించి ఉన్నాయన్నది తెలుగు పరిశోధకులకు తెలిసిన విషయమే. దూదేకుల సిద్ధయ్య శిష్యరికం, వీరబ్రహ్మం శిష్యకోటిలో మాదిగ కక్కయ్య స్థానం ఈ విషయానికి చిరపరిచితమైన ఉదాహరణలు. ఆలయప్రవేశం లేని కులాలకు గురుమార్గమొకటే దేవుని సన్నిధికి తెరిచి ఉన్న ద్వారం.

వ్యాపారం నిమిత్తం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య కొత్త మతాన్ని గురించి విన్నాడు. తరువాత ఒంగోలులో జ్యూయెట్‌ను కలిసి విచారించాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఈ క్రమంలో గమనించదగినది ఒకటుంది. క్లౌ ఒంగోలులో స్థిరపడకముందే పేరయ్య విశ్వాసి. పల్లెకు తిరిగి వెళ్లి, తన వాళ్లకు తానే బోధించడం మొదలుపెట్టినవాడు. 1867 జనవరిలో ఆయన ఆహ్వానంపై క్లౌ తలకొండపాడు ప్రాంతానికి వెళ్లి చింతతోపులో విడిది చేసేసరికి, పలు ఊళ్ల నుంచి జనం అక్కడికి చేరుకున్నారు. కొన్ని రోజులపాటు ఉండేందుకు తిండిమూటలు తెచ్చుకున్నారు. ఐదు రోజుల బోధ, ప్రశ్నోత్తరాల తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. దొర విత్తడానికి వెళ్లలేదు. అప్పటికే పండిన చేనును చూడడానికి వెళ్లాడని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

పంజాబులో సియాల్‌కోట్ ప్రాంతపు చూహ్రా కులస్థుడు దిత్త్ 1873లో ఆరంభించిన ఉద్యమం కూడా ఈ తీరుగానే సాగింది. అతడు కూడా తోళ్ల వ్యాపారి కావడం విశేషం. భారతదేశపు దళిత క్రైస్తవోద్యమాలను అధ్యయనం చేసిన చరిత్రకారులు వీటి నాయకత్వం మిషనరీలది కాక దళితులదేనని నిరూపించడానికి ఈ రెండు ఉదాహరణలను తరచు ముందుంచుతారు. ఒంగోలు ఉదాహరణ దీనికి మరొక అంశం చేరుస్తుంది. నాయకునికి వ్యాపారం ఇచ్చిన స్వేచ్ఛతోపాటు గురుమార్గం ఇచ్చిన అధికారం కూడా ఉంది. పల్లె ఆయన మాట విన్నది కొత్త మతస్థుడని కాదు, అప్పటికే అనుభవం గల సాధకుడని.

3. మూడు నిరాకరణలు

క్లౌ తన స్మృతులలో, కొత్త విశ్వాసులకు మొదట ఇచ్చిన ఆజ్ఞలు మూడని చెప్పాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి ఇవి సాధారణ మతనియమాలు. మాదిగపల్లెలో ఇవి ఏం చేశాయో తెలియాలంటే నాటి గ్రామవ్యవస్థలో మాదిగల స్థానం తెలియాలి.

మాదిగ కుటుంబం రైతు కుటుంబానికి తరతరాలుగా కట్టుబడి ఉండేది. ఎద్దులకు పలుపులు, నీరు తోడే తోలు బానలు, చెప్పులు చేసి ఇవ్వాలి. చచ్చిన పశువును ఊరి వెలుపలికి లాగాలి. అధికారుల మూటలు మోయాలి. పంట కోతల్లో పిలిచినప్పుడు పోవాలి. గ్రామదేవత కొలుపుల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, చావుల్లో డప్పు కొట్టాలి. ప్రతిఫలంగా కళ్లం దగ్గర మేర, చచ్చిన పశువు తోలు, మాంసం దక్కేవి. మేర హక్కు అనుకుంటే హక్కు, దయ అనుకుంటే దయ. కరవు కాలంలోనూ పండుగ నాడూ అది రైతు ఇష్టాన్ని బట్టి పెరిగేది, తరిగేది.

ఈ వ్యవస్థలో ఆదివారపు విశ్రాంతి అన్నది పెను సాహసం. మెట్టచేలకు బావినీరు పెట్టే రోజుల్లో తోలు బాన చినిగితే, దానిని కుట్టే మనిషి ఆ పూటే రావాలి. ‘ఈ రోజు మా దేవుని రోజు, రేపు వస్తాను’ అన్న మాట రైతుకు పంటనష్టంగా వినిపించింది. అంతకు మించి అది ధిక్కారంగా వినిపించింది. తన కాలం మీద తనకు అధికారముందని వెట్టిమనిషి చెప్పడం అదే మొదలు. రైతు కోపానికి గల ఆర్థికకారణాన్ని కూడా చరిత్రకారుడు గుర్తించాలి. ఆ వ్యవస్థ ఇరువర్గాల్ని ఒకరికొకరిని కట్టివేసింది. అయితే ఆ కట్టులో బరువు ఒకవైపే పడింది.

రెండవ నిరాకరణ శరీరానికి సంబంధించినది. చచ్చిన పశువు మాంసం తినడం మాదిగల అంటరానితనానికి సమాజం చూపిన కారణాలలో ప్రధానమైనది. అదే సమయంలో ఆకలినెలల్లో అదొక ఆహారవనరు. దానిని వదులుకోవడమంటే ఆత్మగౌరవం కోసం ఆకలిని కోరి తెచ్చుకోవడం. 20వ శతాబ్దంలో అనేక దళితోద్యమాలు ఇదే నియమాన్ని స్వయంగా ప్రకటించుకొన్నాయి. ఒంగోలు ప్రాంతపు పల్లెలు 1860ల చివరికే ఈ మార్గం పట్టాయి.

మూడవ నిరాకరణ నేరుగా ఊరి సామూహిక జీవితాన్ని తాకింది. విగ్రహపూజ మానడమంటే ఆ పూజకు డప్పు కొట్టడం కూడా మానడమే. మాదిగలు లేనిదే గ్రామదేవత కొలుపు సాగదు. మాతంగి పాత్ర మొదలుకొని డప్పుల మోత వరకు ఆ ఉత్సవంలో వారిది అనివార్యమైన స్థానం. వారు తప్పుకొంటే అమ్మవారికి ఆగ్రహం వస్తుందని, మశూచి, కలరా ఊరిమీద పడతాయని రైతులు నిజంగా భయపడ్డారు. అందుచేత ఒక పల్లె డప్పు ఆపితే ఊరంతా అది తమ క్షేమానికి ముప్పుగా భావించింది.

4. ప్రతీకారం, సహనం

దీనికి ఊరు ఇచ్చిన సమాధానం పలు రూపాల్లో వచ్చింది. కళ్లం దగ్గర మేర ఆగింది. కోమట్లు సరుకులు అమ్మలేదు. చాకలి, కుమ్మరి సేవలు నిలిచిపోయాయి. నీళ్లు తెచ్చుకునే చోటుకు దారి మూసుకుంది. పశువులను బందెలదొడ్డికి తోలారు. దొంగతనం వంటి అబద్ధపు నేరాలు మోపి, గ్రామాధికారుల సహకారంతో ఠాణాలకు ఈడ్చారు. కరణం, మునసబు, తాలూకా గుమాస్తా మొదలైన దొంతర అంతా ఒకే సామాజికవర్గాల చేతిలో ఉన్నందున న్యాయం పొందడం కష్టసాధ్యమైంది. క్లౌ కొన్ని సందర్భాలలో అధికారులకు విన్నవించి సాయం చేశాడు. వందల పల్లెలలో వ్యాపించిన విశ్వాసులందరికీ ఒక మనిషి అండ ఎంతవరకు అందగలదు? అత్యధికులు తమంతట తామే ఓర్చుకున్నారు.

ఈ సహనానికి మాదిగపల్లెలో కుదిరిన వ్యవస్థ కూడా తోడైంది. వ్యక్తి ఒంటరిగా మతం మారిన చోట బహిష్కారం అతన్ని కూల్చివేయగలదు. ఇక్కడ మారినది కుటుంబాలు, ఒక్కొక్కప్పుడు పల్లె మొత్తం. కులపెద్దలు కూర్చుని మాట్లాడుకుని తీర్మానించుకొన్న సందర్భాలున్నాయి. పాత కులపంచాయతీ నిర్మాణమే కొత్త సంఘానికి పునాది అయింది. వెట్టి ఆగినా పంచుకొని తినడం తెలిసిన బంధువర్గం ఉంది. అలాగని లోపల ఘర్షణ లేదనుకోరాదు. జీవనం పోతుందని భయపడిన పెద్దలు, తిరిగి డప్పు పట్టినవారు కూడా ఉన్నారు. కొత్త విశ్వాసులు కొందరు ఒత్తిడికి లొంగారన్న సంగతిని మిషన్ రచనలు కూడా దాచలేదు. ఆ సంగతి తెలిసినప్పుడే నిలిచినవారి నిర్ణయానికి గల విలువ అర్థమవుతుంది.

ఈ దశలో మిషన్‌కు కూడా ఒక పరీక్ష ఎదురైంది. ఒంగోలులో క్లౌ నడిపిన బడికి బ్రాహ్మణాది అగ్రవర్ణాల పిల్లలు వచ్చేవారు. మాదిగలు సంఘంలో చేరడం చూసి ఆ వర్గాల పెద్దలు అభ్యంతరం చెప్పారు. వీరిని చేర్చుకుంటే తమ పిల్లలను పంపమన్నారు. పట్టణంలో పలుకుబడి గలవారి స్నేహమా, పల్లె నుంచి వచ్చే పేదల ప్రవేశమా అన్న ప్రశ్న తలెత్తింది. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరుగా బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఎన్నుకొన్నాడన్న భాగమే తగిలిందని క్లౌ స్మృతులు చెబుతాయి. ఆ నిర్ణయంతో అగ్రవర్ణ విద్యార్థులు బడి మానారు. మిషన్ దశాబ్దాలుగా పోషించుకొన్న ‘పైనుంచి కిందికి’ అన్న ఆశ అక్కడితో ముగిసింది. ఈ మార్పునకు దైవవాక్యం ప్రేరణ అయితే, సందర్భాన్ని కల్పించినది పేరయ్య పల్లె.

5. కరవు: అన్నమూ విశ్వాసమూ

1876–78 నాటి మహాకరవు మద్రాసు రాజధానిని అతలాకుతలం చేసింది. లక్షలాది మంది మరణించారు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సూచనపై కరవుపనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, స్వల్పమైన రొక్కం స్థాయికి తగ్గించారు. వెట్టికులాలకు ఈ కరవు రెండింతల విపత్తు. రైతుకే గింజ లేనప్పుడు మేర ఉండదు. కరవుపనుల మేస్త్రీలు అగ్రవర్ణాలవారు కావడం వల్ల కూలీ దక్కడంలోనూ అవమానం, మోసం తప్పేవి కావు.

కోస్తా వెంబడి తవ్విన కాలువకు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టడం ఈ కరవునాటి మాటే. ఆ కాలువ పనిలో మూడున్నర మైళ్ల భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకొన్నాడు. యౌవనంలో అమెరికాలో భూమి సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఇక్కడ ఉపకరించింది. తన బోధకులనే పనిమీద పెద్దలుగా నియమించాడు. అందుచేత మాదిగ కూలీలపై మాదిగ బోధకులే అజమాయిషీదారులయ్యారు. తిట్టు, దెబ్బ లేకుండా కూలీ చేతికందే చోటు ఉన్నదన్న వార్త దూరతాలూకాలకు పాకింది. అన్ని కులాలవారూ పనికి వచ్చారు. మధ్యాహ్నపు విరామంలో బోధకులు జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. పని ముగిసి ఊళ్లకు తిరిగి వెళ్లినవారు ఆ మాటలను వెంట తీసుకువెళ్లారు.

‘అన్నం కోసం మతం’ అన్న అభియోగాన్ని ఇక్కడే పరీక్షించాలి. మూడు అంశాలు ఈ అభియోగానికి ఎదురు నిలుస్తాయి. మొదటిది, కరవుకు ముందే ఒంగోలు సంఘం మూడు వేల సభ్యుల్ని దాటింది. 1867 నాటి ఎనిమిది మందితో పోల్చితే ఈ పెరుగుదల బహిష్కారాల నడుమ సాధించినది. రెండవది, కరవు సహాయం సాగినంతకాలం, దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌ ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగినా వాయిదా వేశాడు. అన్నం పెట్టే చేయీ బాప్తిస్మం ఇచ్చే చేయీ ఒకటి కారాదన్నది ఆయన జాగ్రత్త. మూడవది, సహాయం ముగిసిందని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని ప్రకటించిన తరువాతనే, 1878 జూన్ మధ్య నుంచి బాప్తిస్మాలు తిరిగి మొదలయ్యాయి. వెల్లంపల్లిలో జనం చేరినది ఆ తరువాత. ఒంగోలులో అంటువ్యాధి భయం ఉన్నందున ఆ సమావేశాన్ని పట్టణానికి దూరంగా నదీతీరానికి మార్చారు.

జూలై 3 నాటి క్రమం కూడా గమనింపదగినది. బాప్తిస్మం ఇచ్చినది క్లౌ కాదు. అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు, ఏకకాలంలో ఇద్దరి చొప్పున, నీటిలో నిలిచి వంతులవారీగా ఇచ్చారు. ఉదయం ఆరుగంటలకు మొదలై మధ్యాహ్నం కొంత విరామంతో సాయంకాలం వరకు సాగింది. అభ్యర్థులను ఊళ్లవారీగా గుర్తెరిగి, ప్రశ్నించి, పేర్లు రాసుకొన్నది ఆ యా ప్రాంతాల బోధకులు. ఆ సంవత్సరాంతానికి కొత్తగా చేరినవారి సంఖ్య 9,606కు చేరింది. మొత్తం సంఘసభ్యులు పన్నెండు వేలను మించారు.

అయితే అన్నానికీ విశ్వాసానికీ నడుమ గోడ కట్టి, రెంటికీ సంబంధమే లేదనడం కూడా చరిత్రకు న్యాయం చేయదు. కాలువగట్టున తొలిసారి మనిషిగా గుర్తింపు పొందిన కూలీకి ఆ గౌరవం, ఆ బోధ విడివిడి విషయాలు కావు. కూలీ ఇచ్చిన దేవుడని అతడు నమ్మలేదు. కొట్టకుండా కూలీ ఇప్పించిన మనుషుల దేవుడు ఎవరని అడిగాడు. ఈ ప్రశ్నను లోభంగా లెక్కకట్టడం, ఆకలి ఎరుగనివారికి మాత్రమే సాధ్యం. ఆకలితో ఉన్నవారి భక్తిని అనుమానించి, తృప్తిగా భుజించినవారి భక్తిని నిస్సందేహంగా అంగీకరించే కొలమానం అసమానమైనది.

6. ఆధారాల స్వభావం

ఈ చరిత్ర దాదాపు పూర్తిగా ఇంగ్లీషులో నిక్షిప్తమై ఉంది. ముఖ్యాధారాలు రెండు. ఒకటి, క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగల కథల గ్రంథం. చెప్పులు కుడుతూ చెప్పుకొన్న కథలన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టింది. అందులో మాతంగి, అరుంధతి పురాగాథలతోపాటు తొలి విశ్వాసుల జీవితకథలూ ఉన్నాయి. రెండవది, 1910లో క్లౌ మరణించిన తరువాత 1914లో వెలువడిన ఆయన స్వీయచరిత్ర. దీనిని అక్షరబద్ధం చేసినది కూడా ఆమెయే. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన గ్రంథం రాసిన విదుషి ఎమ్మా. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ సామాజిక సువార్త సిద్ధాంతకర్తగా ప్రసిద్ధుడు. స్వీయచరిత్ర పేరులోనే ‘సామాజిక క్రైస్తవం’ అన్న మాట ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఈ రచనలు వెలువడినది అమెరికన్ పాఠకుల కోసం. విరాళాలు, ప్రోత్సాహం కోరే మిషనరీ సాహిత్యపు పరిమితులు వాటికున్నాయి. సంఖ్యలు మిషన్ లెక్కల నుంచి వచ్చినవే. అయినా వృద్ధబోధకులు చెప్పినదాన్ని ఓపికగా విని, గురుమార్గపు పూర్వకథను కూడా చెరపకుండా నమోదు చేసిన ఘనత ఎమ్మాకు దక్కుతుంది. మారిన మతాన్ని మాత్రమే పొగడాలనుకొన్న రచయిత అయితే పేరయ్య యోగసాధనను మూఢత్వంగా కొట్టివేసి ఉండేవారు. ఆమె దానిని ఆయన వెదుకులాటలో ఒక మెట్టుగా చూపింది.

ఇక్కడ భాషకు సంబంధించిన లోటు ఒకటి మిగిలిపోతుంది. పేరయ్య మాట్లాడినది తెలుగు. చింతతోపులో ప్రశ్నలు, జవాబులు తెలుగు. ఊరిపెద్దకు ‘ఆదివారం రాము’ అని చెప్పిన వాక్యం తెలుగు. మనకు చేరినది ఇంగ్లీషు. పాపం, రక్షణ, ఆత్మ, గురువు మొదలైన మాటలను ఆయన ఏ అర్థచ్ఛాయతో వాడాడో, రాజయోగ పరిభాషలోని ఏయే మాటలను కొత్త బోధలోకి తీసుకువచ్చాడో అనువాదం వెనుక మరుగుపడింది. గురుమార్గంలో ‘ఉపదేశం’ అన్న మాట క్రైస్తవ బోధకునికి ‘ఉపదేశి’గా అమరిన తీరు ఈ మేళనానికి ఒక చిన్న సూచన. నాగమ్మ విషయంలో ఈ మౌనం ఇంకా దట్టమైనది. భర్తతోపాటు అదే సమయంలో బాప్తిస్మం పొందిన ఆమెకు మిషన్ రచనలలో దక్కినది ‘పేరయ్య భార్య’ అన్న స్థానమే. అంగడిలో ఉప్పు దొరకనప్పుడు, నీళ్లదారి మూసినప్పుడు ఆ నిరాకరణల భారాన్ని వంటింట మోసినది స్త్రీలే అన్నది గుర్తుంచుకోవాలి.

7. ఉద్యమ పరిమితులు

సత్యనిష్ఠ కోసం పరిమితులను కూడా చెప్పాలి. కొద్ది నెలల్లో వేలమంది చేరిన సంఘానికి బోధకులు చాలలేదు. రామాపట్నంలో 1870లలో నెలకొన్న వైదిక పాఠశాల బోధకులను సిద్ధం చేసినా, పల్లెకొక ఉపాధ్యాయుడు అన్నది చాలాకాలం తీరని ఆశే. తుది నిర్ణయాధికారం మిషనరీ చేతిలోనే ఉండిపోయింది. పునాది వేసిన మాదిగ బోధకులు వేతనోద్యోగుల స్థాయికి దిగారు. ఉద్యమం అధికంగా ఒకే కులానికి పరిమితమైనందున మాల, మాదిగ విభేదం సంఘాల సరిహద్దులలోకి కూడా ప్రవేశించింది. అంటరానితనాన్ని ఎదిరించిన ఉద్యమం కులాన్ని పూర్తిగా దాటలేకపోయింది. వెట్టి చట్టరీత్యా రద్దు కావడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది.

అయినా ఆ పల్లెలలో అక్షరం ప్రవేశించింది. విశ్వాసి బైబిలు చదవాలన్న నియమం కారణంగా ఊరిబడి గడప తొక్కనివ్వని పిల్లలు పల్లెబడిలో పలక పట్టారు. ఆ ప్రాంతంలోని వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ వంటి మహాకవి వెనుక, క్రైస్తవం తెరచిన ఇలాంటి విద్యావాతావరణం ఉన్నదన్నది సాహిత్యచరిత్ర అంగీకరించిన విషయం. ఆయన క్రైస్తవ సమాజంలోనూ, హిందూ సమాజంలోనూ అవమానాల్ని ఎదుర్కొన్నాడన్నదీ అంతే నిజం. ఉద్యమం ఇచ్చినదీ, ఇవ్వలేకపోయినదీ ఒకే జీవితంలో కనిపించడానికి ఆయన ఉదాహరణ.

ముగింపు

ప్రతికూల పరిస్థితులలో దైవసేవ అనగానే హతసాక్షుల కథలు, రాజాజ్ఞను ధిక్కరించిన భక్తుల చెరసాలలు గుర్తుకు వస్తాయి. తెలుగు సాహిత్యానికి గోల్కొండ ఖైదులోని రామదాసు ఆ కోవలో అత్యంత పరిచితుడు. ఒంగోలు ప్రాంతపు మాదిగ విశ్వాసుల ధైర్యం మరొక కోవకు చెందినది. వారికి ఎదురు నిలిచినది రాజు కాదు, రోజూ ముఖం చూడవలసిన ఊరు. వారిని శిక్షించినది చెరసాల కాదు, ఖాళీగా తిరిగివచ్చిన గంప. ఈ పోరాటానికి ఒక ముగింపు దినం లేదు. ప్రతి ఆదివారం అది మళ్లీ మొదలయ్యేది. విశ్వాసం ఇక్కడ మాటలకన్న ముందు కాలం మీద, ఆహారం మీద, చేతిలోని డప్పు మీద తన హక్కును ప్రకటించుకొంది.

1878 నాటి 2,222 సంఖ్యను తలచే ప్రతిసారీ 1867 నాటి 28 మందిని, వారికి ముందు నడచిన ఇద్దరిని కూడా తలచవలసి ఉంటుంది. పల్లెసంఘాల పాత రిజిస్టర్లు, బోధకుల కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకొంటున్న వృత్తాంతాలు, డప్పు మానిన తరువాత ఆ పల్లెల్లో పుట్టిన కీర్తనలు, భజనలు మొదలైనవి సేకరించి పరిశీలిస్తే, ఇంగ్లీషు గ్రంథాలలో చిక్కుకొన్న ఈ చరిత్రకు దాని సొంత భాష కొంతవరకైనా తిరిగి లభిస్తుంది. మౌఖిక చరిత్ర, జానపద విజ్ఞానం, సాహిత్యచరిత్ర కలిసి చేయవలసిన ఈ పని తెలుగు శాఖల పరిధిలోనిదే.